ఏప్రిల్ ఓటమి బరువెంత? బేస్‌బాల్ అభిమానుల ఆగ్రహాన్ని లెక్కల్లో పెట్టి చూస్తే

మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ మార్చి చివర్లో మొదలవుతుంది. మూడు వారాలు గడిచేసరికి అమెరికాలో ఏదో ఒక నగరం కోపంతో ఉడికిపోతుంటుంది. చలికాలమంతా ఆశలు పెంచుకున్న జట్టు పట్టికలో అడుగున కనిపిస్తుంది. సొంత మైదానంలోనే సొంత అభిమానులు హేళనగా అరుస్తారు, జట్టును నడిపే మేనేజర్‌ను పంపేయాలని రేడియో కార్యక్రమాలకు ఫోన్లు చేస్తారు. మరోవైపు ‘ఇంకా ఏప్రిలే కదా, సీజనంతా ముందుంది’ అని సర్దిచెప్పేవారు ఉంటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలు ఈ వాదనను ఇంటికి తెచ్చినప్పుడు, క్రికెట్ అలవాటుతో చూసే తల్లిదండ్రులకు ఎవరి మాట నమ్మాలో తేలదు.

తేలకపోవడానికి కారణం ఉంది. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఈ ఓటములు జట్టు సత్తా గురించి ఏం చెబుతున్నాయి అన్నది ఒకటి. ఈ ఓటముల వల్ల ఇప్పటికే ఎంత నష్టపోయాం అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ‘చాలా కొద్దిగా’. రెండోదానికి జవాబు ‘మనం అనుకున్నదానికంటే ఎక్కువ’. సర్దిచెప్పేవారు మొదటి ప్రశ్నకు జవాబిస్తుంటే, కోపగించుకునేవారు రెండోది అడుగుతున్నారు. అందుకే ఈ వాదన ఎప్పటికీ తెగదు.

162 ఆటల సీజన్ ఎలా నడుస్తుంది

లీగ్‌లో 30 జట్లు. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. ఒక్కో లీగ్‌లో ఐదేసి జట్లతో మూడు డివిజన్లు. ఆరు నెలల్లో ప్రతి జట్టు 162 ఆటలు ఆడుతుంది, అంటే దాదాపు రోజుకొకటి. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒకసారి బ్యాటింగ్ చేస్తాయి, తొమ్మిది ఇన్నింగ్స్‌ల్లో ఫలితం తేలకపోతే అదనపు ఇన్నింగ్స్ ఆడి తేల్చుకుంటారు. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తున్నాయి. మూడు డివిజన్ల విజేతలు, మిగిలినవాటిలో ఎక్కువ ఆటలు గెలిచిన మరో మూడు జట్లు. ఈ రెండో దారినే వైల్డ్‌కార్డ్ అంటారు.

ఐపీఎల్ లీగ్ దశలో ఒక జట్టు ఆడేది 14 మ్యాచ్‌లు. నిష్పత్తి చూస్తే ఒక ఐపీఎల్ మ్యాచ్ పదకొండు, పన్నెండు బేస్‌బాల్ ఆటలకు సమానం. వరుసగా ఐదు ఓటములంటే మనకు సీజన్ ముగిసినట్టే అనిపిస్తుంది, బేస్‌బాల్‌లో అది సగం ఐపీఎల్ మ్యాచ్ కూడా కాదు. 2024లో బెంగళూరు జట్టు తొలి ఎనిమిదింటిలో ఏడు ఓడి, తర్వాత వరుసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్ చేరింది. బేస్‌బాల్ కొలతలో అది జులై మధ్య దాకా ఓడుతూ వచ్చి, ఆ తర్వాత సెప్టెంబరు ఆఖరు దాకా ఓటమే లేకుండా ఆడటంతో సమానం. అటువంటిది ఆ ఆటలో సాధ్యమే కాదు.

ఎందుకు కాదంటే, బేస్‌బాల్‌లో గొప్ప జట్లు కూడా చాలా ఓడతాయి. సీజన్‌లో 100 ఆటలు గెలిచిన జట్టును ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటారు. ఆ జట్టు కూడా 62 సార్లు తలవంచుకుని మైదానం వీడింది. 60 మాత్రమే గెలిచిన జట్టును ఘోరంగా ఆడిందంటారు. అత్యుత్తమానికీ అధ్వానానికీ మధ్య ఉన్నది 100కు, 60కి ఉన్న తేడా. పది ఆటలకు కుదిస్తే ఆరు గెలవడానికి, నాలుగు గెలవడానికి ఉన్న తేడా. పది ఆటల పట్టిక చూసి ఏ జట్టు ఏదో పోల్చుకోవడం అందుకే అంత కష్టం.

అదృష్టం ఒక్కటే ఎంత దూరం తీసుకెళ్తుంది

ఒక లెక్క వేసి చూద్దాం. 30 జట్లూ సరిసమానమైనవే అనుకుందాం, ప్రతి ఆటలో గెలిచే అవకాశం సగం సగం. అప్పుడు కూడా ఒక జట్టు తొలి పది ఆటల్లో మూడు లేదా అంతకంటే తక్కువ గెలిచే అవకాశం 17 శాతం. అంటే ఏ జట్టులో ఏ లోపమూ లేకపోయినా, సుమారు ఐదు నగరాలు ఏప్రిల్ రెండో వారానికి ఇటువంటి పట్టిక చూసి బెంగపడుతుంటాయి.

మంచి జట్టుకూ ఈ బెడద తప్పదు. సీజన్‌లో 90 గెలిచే సత్తా ఉన్న జట్టు తొలి 30 ఆటల్లో సగటున 16 లేదా 17 గెలవాలి. కానీ అదే జట్టు 12 లేదా అంతకంటే తక్కువ గెలిచే అవకాశం దాదాపు 6 శాతం ఉంటుంది. ఏటా అంత సత్తా ఉన్న జట్లు అయిదారు ఉంటాయనుకుంటే, మూడేళ్లకొకసారైనా ఒక మంచి జట్టు నెల రోజుల పాటు చెడ్డ జట్టులా కనిపిస్తుంది.

బ్యాటర్ల సంగతీ ఇంతే. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టేవాడు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరేవాడు, గొప్ప బ్యాటర్. రెండు వారాల్లో అతనికి 50 అవకాశాలు వచ్చాయంటే 15 హిట్లు రావాలి. పది లేదా అంతకు తక్కువతో సరిపెట్టుకునే అవకాశం 8 శాతం. పది హిట్లంటే స్కోరుబోర్డు మీద అతని సగటు 0.200. కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేసి, కొత్త నగరంలో తొలిసారి బ్యాట్ పట్టుకున్న ఆటగాడి పేరు పక్కన ఆ అంకె కనిపిస్తే అభిమానికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. సీజన్ మధ్యలో అదే రెండు వారాలు వస్తే ఎవరూ గమనించరు, ఎందుకంటే అప్పటికి సగటులో వెనకటి మూడు నెలల హిట్లు కలిసి ఉంటాయి. ఏప్రిల్‌లో దాచుకోవడానికి వెనుక ఏమీ ఉండదు.

పోయిన ఆటలు తిరిగి రావు

ఇప్పుడు రెండో ప్రశ్న. పైన చెప్పిన 90 గెలుపుల జట్టే తొలి 30 ఆటల్లో 10 మాత్రమే గెలిచిందనుకుందాం. ఇంకా 132 ఉన్నాయి. 90కి చేరాలంటే అందులో 80 గెలవాలి, అంటే 60.6 శాతం. ఆ వేగంతో సీజనంతా ఆడితే 98 గెలుపులు వస్తాయి. 90 గెలిచే జట్టు ఇక నుంచి 98 గెలిచే జట్టులా ఆడాలి.

అలా కాకుండా, జట్టు తన అసలు సత్తా మేరకే ఆడిందనుకుందాం. మిగిలిన 132లో 73 గెలుస్తుంది. మొత్తం 83. చాలా ఏళ్లలో 83 గెలుపులు ప్లేఆఫ్స్‌కు చాలవు.

నా దృష్టిలో ఈ చర్చ అంతటికీ గుండెకాయ ఈ లెక్కే. జట్టు సత్తా మీద మన అంచనా ఏమీ మారలేదు, మార్చుకోనక్కర్లేదు కూడా. అయినా సీజన్ ఆఖరి ఫలితం మీద అంచనా ఏడు గెలుపులు పడిపోయింది. ‘తర్వాత పుంజుకుంటారులే’ అన్న మాటలో ఒక పొరపాటు దాగి ఉంది. పుంజుకోవడమంటే మామూలు స్థాయికి రావడమే తప్ప, పోయినవాటికి పరిహారంగా మామూలుకంటే ఎక్కువ గెలవడం కాదు. అదృష్టం బాకీ తీర్చదు.

19 గెలుపులు, 31 ఓటములు: వాషింగ్టన్ 2019

సర్దిచెప్పేవారంతా మొదట చెప్పే పేరు వాషింగ్టన్ నేషనల్స్. ఆ ఏడాది చలికాలంలో వారి పెద్ద తార బ్రైస్ హార్పర్ 13 ఏళ్లకు 33 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. సీజన్ మొదలైన కొద్ది రోజులకే షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే ఫీల్డర్, ట్రే టర్నర్ వేలు విరిగింది. బుల్‌పెన్, అంటే ఆట మధ్యలో వచ్చి బంతి విసిరే పిచ్చర్ల దళం, చేతికొచ్చిన ఆటలను వదిలేస్తూ వచ్చింది. మే మొదట్లో పిచింగ్ కోచ్ డెరెక్ లిలిక్విస్ట్‌ను తొలగించారు.

మే 20 నుంచి 23 వరకు న్యూయార్క్‌లో మెట్స్‌తో నాలుగు ఆటలు ఆడి నాలుగూ ఓడారు. చివరి ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆధిక్యం వాషింగ్టన్‌దే. అప్పుడు మెట్స్ ఆటగాడు కార్లోస్ గోమెజ్ బంతిని మైదానం దాటించి మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. అంతకుముందే మేనేజర్ డేవ్ మార్టినెజ్ అంపైర్‌తో వాదించి మైదానం నుంచి బయటకు వెళ్లాల్సి వచ్చింది. 6-4తో ఓటమి. 50 ఆటల తర్వాత 19 గెలుపులు, 31 ఓటములు. మార్టినెజ్ ఉద్యోగం పోయినట్టేనని అందరూ అనుకున్నారు.

యాజమాన్యం అతన్ని తీసేయలేదు. మిగిలిన 112లో జట్టు 74 గెలిచి, 93 గెలుపులతో వైల్డ్‌కార్డ్ అందుకుంది. మిల్వాకీతో ఒకే ఒక్క ఆటగా జరిగిన వైల్డ్‌కార్డ్ పోరులో ఎనిమిదో ఇన్నింగ్స్ సగానికి 3-1తో వెనకబడి ఉన్నారు. ఇద్దరు ఔట్, మూడు బేస్‌ల మీదా పరుగు కోసం చూస్తున్న వాషింగ్టన్ ఆటగాళ్లు. ఇరవై ఏళ్ల హువాన్ సోటో కుడివైపు కొట్టిన బంతి ఫీల్డర్ ట్రెంట్ గ్రిషమ్‌ను దాటి జారిపోయింది, మూడు పరుగులు వచ్చాయి. ఆ తర్వాత 106 ఆటలు గెలిచిన డాడ్జర్స్‌ను, సెయింట్ లూయిస్‌ను, చివరికి 107 గెలిచిన హ్యూస్టన్‌ను ఓడించి, రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే ప్రపంచ సిరీస్ గెలుచుకున్నారు. ఆ సిరీస్‌లో ఏడు ఆటల్లోనూ బయటి జట్టే గెలిచింది.

ఈ కథ అక్షరాలా నిజమే గానీ, దీన్ని హామీగా తీసుకోవడం సరికాదు. ఆ 74 గెలుపుల వేగం సీజనంతటికీ విస్తరిస్తే 107 అవుతుంది. గాయపడ్డవారు తిరిగి రావడంతో పాటు అసాధారణమైన ఆట కూడా తోడైతేనే అది సాధ్యమైంది. ఇలా మొదలుపెట్టి మునిగిపోయిన జట్ల కథలు ఎవరూ చెప్పుకోరు, అందుకే ఈ ఒక్కటి అందరి నోటా నిలిచింది.

ఒక్క ఆట తేడా

కోపగించుకునేవారి పక్షాన నిలిచే సాక్ష్యం 2011 అమెరికన్ లీగ్. అప్పట్లో ఒక్కో లీగ్‌కు ఒకే వైల్డ్‌కార్డ్. ఆ ఏడాది బోస్టన్ రెడ్ సాక్స్, టంపా బే రేస్ రెండూ తొలి ఆరు ఆటలూ ఓడాయి. బోస్టన్ తొలి 12లో రెండే గెలిచింది, టంపా తొలి తొమ్మిదిలో ఒకటే. తర్వాత బోస్టన్ పుంజుకుని, సెప్టెంబరు మొదట్లో టంపా కంటే తొమ్మిది ఆటల ముందుకు వెళ్లింది. ఆ నెలలో 7 గెలిచి 20 ఓడింది.

సెప్టెంబరు 28, ఆఖరి రోజు. ఇద్దరికీ సమానంగా 90 గెలుపులు. బోస్టన్ బాల్టిమోర్‌లో ఆధిక్యంలో ఉండి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 4-3తో ఓడింది. మరోచోట టంపా యాంకీస్ మీద 7-0తో వెనకబడి, సమం చేసి, పన్నెండో ఇన్నింగ్స్‌లో ఇవాన్ లాంగోరియా హోమ్‌రన్‌తో గెలిచింది. బోస్టన్ 90, టంపా 91. ఆ పతనం గురించి రాసినవారంతా సెప్టెంబరునే తప్పుపట్టారు. లెక్కల పుస్తకంలో మాత్రం ఏప్రిల్‌లో పోయిన పది ఆటల్లో ఏ ఒక్కటి గెలిచినా బోస్టన్ కనీసం సమంగా నిలిచేది.

2024లో నేషనల్ లీగ్‌లో మరో ఉదాహరణ. మెట్స్ తొలి ఐదు ఆటలూ ఓడారు. జూన్ 2 నాటికి 24 గెలుపులు, 35 ఓటములు. చివరికి మెట్స్, అట్లాంటా బ్రేవ్స్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్ మూడింటికీ 89 గెలుపులే, మిగిలినవి రెండే స్థానాలు. 2022 నుంచి సమానమైతే అదనపు ఆట పెట్టడం లేదు, పరస్పరం ఆడిన ఆటల్లో ఎవరిది పైచేయో చూస్తున్నారు. అరిజోనా మిగిలిపోయింది. మెట్స్ లీగ్ ఫైనల్ సిరీస్ దాకా వెళ్లి డాడ్జర్స్ చేతిలో ఓడారు. మెట్స్ అభిమాని ‘ఏప్రిల్ లెక్కలోకి రాదు’ అంటాడు. ‘ఒక్క ఆట’ అని అరిజోనా అభిమాని తలపట్టుకుంటాడు. ఒకే పట్టిక చదివి ఇద్దరూ మాట్లాడుతున్నారు.

పట్టిక కాకుండా ఏం చూడాలి

గెలుపోటములు తొందరగా ఏమీ చెప్పలేవు సరే, మరి ఏవి చెబుతాయి?

అందరికీ అందేది పరుగుల తేడా. బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు ఒక సూత్రం ఇచ్చాడు. చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవాటి వర్గం ప్లస్ ఇచ్చినవాటి వర్గం మొత్తంతో భాగిస్తే జట్టు గెలవాల్సిన నిష్పత్తి వస్తుంది. 30 ఆటల్లో 130 పరుగులు చేసి 120 ఇచ్చిన జట్టును తీసుకోండి. 130 వర్గం 16,900, 120 వర్గం 14,400. మొత్తం 31,300. భాగిస్తే 0.54, అంటే 30లో 16 గెలుపులు. ఆ జట్టు నిజానికి 12 గెలిచిందంటే, ఒక్క పరుగు తేడాతో పోయిన ఆటలు ఎక్కువ ఉండి ఉంటాయి. గాభరా పడనక్కర్లేదు. అదే జట్టు 100 చేసి 150 ఇచ్చి ఉంటే సూత్రం చెప్పే గెలుపులు తొమ్మిదే. అప్పుడు 12 గెలవడమే అదృష్టం, అసలు కష్టం ముందుంది.

రెండోది, ఆడిన బంతి ఎక్కడ పడింది. హోమ్‌రన్లు కాకుండా బ్యాట్‌కు తగిలి మైదానంలోకి వచ్చిన బంతుల్లో సుమారు 30 శాతం హిట్లవుతాయి. ఒక జట్టుకు నెలంతా 25 శాతమే దక్కితే, గట్టిగా కొట్టిన బంతులు కూడా నేరుగా ఫీల్డర్ల చేతుల్లోకి వెళ్తున్నాయని అనుమానించవచ్చు. స్ట్రైకౌట్ల, అంటే మూడు స్ట్రైక్‌లతో ఔటవడం, సంగతి వేరు. బంతిని తాకలేకపోవడంలో అదృష్టం పాలు తక్కువ. బ్యాటింగ్ సగటు నమ్మదగినదిగా మారడానికి సీజన్ కంటే ఎక్కువ కాలం పడుతుంది, స్ట్రైకౌట్ల రేటు రెండు మూడు వారాల్లోనే నిజం చెప్పడం మొదలుపెడుతుంది.

పిచ్చర్ విషయంలో ఇంకా ముందే పసిగట్టవచ్చు. ప్రతి జట్టుకూ వంతులవారీగా ఆట మొదలుపెట్టే పిచ్చర్లు ఐదుగురు ఉంటారు. 30 ఆటల్లో ఒక్కొక్కరికి వచ్చేవి ఆరు. ఆరు ఫలితాలతో ఏమీ తేలదు గానీ, ప్రతి ఆటలో 80, 90 బంతులు విసురుతాడు. నిరుడు గంటకు 95 మైళ్ల వేగంతో విసిరినవాడు ఈసారి 93 దాటడం లేదంటే, అతను గెలిచినా సరే ఆ సంగతి పట్టించుకోవాలి. చేతికి గాయమో, అలసటో అందులో దాగి ఉండవచ్చు.

వాతావరణాన్ని కూడా మరవకూడదు. ఏప్రిల్‌లో షికాగో, మినియాపొలిస్, బోస్టన్‌లలో చలి ఇంకా పోదు. చల్లగాలి సాంద్రత ఎక్కువ, పైకి లేచిన బంతి వేసవిలో వెళ్లినంత దూరం వెళ్లదు. కాబట్టి ఒక బ్యాటర్ ఏప్రిల్ అంకెలను అతని నిరుటి సీజన్ అంకెలతో పోల్చడం అన్యాయం. ఈ ఏప్రిల్‌లో లీగ్ మొత్తం ఎలా కొడుతోందో దానితోనే పోల్చాలి.

మేనేజర్‌ను మారిస్తే జట్టు మారుతుందా

కోపం మొదట తగిలేది మేనేజర్‌కే. 26 మంది ఆటగాళ్లను మార్చలేరు, ఒక మనిషిని మార్చగలరు. మార్చాలనేవారు చూపేది 2022 ఫిలడెల్ఫియా. 22 గెలుపులు, 29 ఓటముల దగ్గర జో జిరార్డీని తొలగించి రాబ్ థామ్సన్‌కు పగ్గాలిచ్చారు. మిగిలినవాటిలో 65 గెలిచి 46 ఓడారు. జూన్ చివర్లో హార్పర్ బొటనవేలు విరిగి చాలాకాలం దూరమైనా ప్రపంచ సిరీస్ దాకా వెళ్లారు.

వద్దనేవారి వాదన గణితం నుంచి వస్తుంది. మేనేజర్లను తొలగించేది జట్టు అథమ స్థితిలో ఉన్నప్పుడే. అక్కడి నుంచి ఏమీ చేయకపోయినా మామూలు స్థాయికి కొంత రావడం సహజం, ఆ పేరు కొత్త మేనేజర్‌కు దక్కుతుంది. 2025లో కొలరాడో రాకీస్ 7 గెలుపులు, 33 ఓటముల దగ్గర బడ్ బ్లాక్‌ను తొలగించారు. తర్వాత 36 గెలిచి 86 ఓడారు. గెలుపు శాతం 17.5 నుంచి 29.5కు పెరిగింది. అయినా 119 ఓటములతో ముగించారు. ఇందులో కొత్త మేనేజర్ వాటా ఎంతో విడదీసి చెప్పే మార్గం లేదు. నాకు తోచినంతలో ఫిలడెల్ఫియా గెలిచింది ప్రధానంగా ఆటగాళ్లు అంతటివారు కాబట్టి. కొలరాడోకు అటువంటి ఆటగాళ్లు లేరు. అలాగని పొద్దస్తమానం కలిసి తిరిగే మనుషుల మధ్య వాతావరణం మారితే ఆట మీద ఏ ప్రభావమూ ఉండదనడం కూడా నమ్మశక్యంగా లేదు.

ఓటమి మీద కోపం, నమ్మకం పోయిన కోపం

అంకెలకు అందని భాగం ఒకటుంది. 2023లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ జూన్ మొదటి వారానికి 12 గెలిచి 50 ఓడారు. అంతకుముందే జట్టును లాస్ వేగస్‌కు తరలించే ప్రయత్నాలు బయటపడ్డాయి, మంచి ఆటగాళ్లను ఒక్కొక్కరిగా వదిలేశారు. అభిమానులు మైదానానికి రావడం మానేస్తే ‘చూడండి, ఈ ఊరికి ఆసక్తి లేదు’ అనే మాట వచ్చింది. దానికి జవాబుగా జూన్ 13న 27,759 మంది వచ్చి, జట్టును అమ్మేయాలని యజమాని జాన్ ఫిషర్‌ను ఉద్దేశించి ఆట పొడవునా నినదించారు. ఆ రాత్రి జట్టు గెలిచింది, అది వరుసగా ఏడో గెలుపు. నినాదాలు ఆగలేదు. నవంబరులో తరలింపుకు లీగ్ యజమానులు ఆమోదం తెలిపారు, 2024 సెప్టెంబరులో ఓక్లాండ్‌లో ఆఖరి ఆట జరిగింది. ఆ జనం అడిగింది గెలుపు కాదు, తమ జట్టు తమకు ఉండాలని. వాళ్ల కోపాన్ని ‘ఇంకా ఏప్రిలే కదా’ అన్న మాటతో కొలవడం పొరపాటు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఘటన 1988లో బాల్టిమోర్‌లో జరిగింది. ఓరియోల్స్ వరుసగా 21 ఆటలు ఓడి సీజన్ మొదలుపెట్టారు. ఆరు ఓటములకే మేనేజర్ కాల్ రిప్‌కెన్ సీనియర్‌ను తొలగించారు. కొడుకులిద్దరూ అదే జట్టులో ఆడుతున్నారు. కొత్త మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్ వచ్చాక మరో 15 ఓడారు. 1 గెలుపు, 23 ఓటములతో మే 2న సొంతూరు తిరిగొచ్చిన జట్టును చూడటానికి 50,402 మంది వచ్చారు.

ఆ ఊరు ఎందుకలా వచ్చిందో తెలియాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1984 మార్చిలో బాల్టిమోర్ ఫుట్‌బాల్ జట్టు కోల్ట్స్ సామాను రాత్రికి రాత్రి లారీలకెక్కించి ఇండియానాపొలిస్‌కు తరలించారు. బేస్‌బాల్ జట్టు కూడా పోతుందనే భయం అప్పటి నుంచి ఉంది. మే 2 రాత్రి మైదానంలోనే, కొత్త స్టేడియం కోసం రాష్ట్రంతో దీర్ఘకాల ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. జట్టు ఎక్కడికీ పోదు. ఆ సీజన్‌ను ఓరియోల్స్ 107 ఓటములతో ముగించారు. ఒప్పందంలో చెప్పిన స్టేడియం, కామ్డెన్ యార్డ్స్, 1992లో తెరుచుకుంది. జట్టు ఇప్పటికీ అక్కడే ఆడుతోంది.